నాగరత్నమ్మ టీచరు, ఆమె కాఫీ యంత్రం, ఆమె ఆగ్రహం

పెనుకొండలో మా అమ్మాయి ఇంట్లో పొద్దున్నే దినపత్రిక విప్పుకొని కూర్చున్నాను. హిందూపురం నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది నాగరత్నమ్మ గారి చెల్లెలు సరోజమ్మ. "సారూ, అక్క పోయింది" అన్నది. "ఎక్కడికమ్మా?" అని అడిగాను. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ క్రియాపదానికి అర్థం తెలియక కాదు. నాగరత్నమ్మ అన్న పేరు పక్కన అది ఇమడదని నా బుద్ధి మొండికేసింది. అవతల ఆ తల్లి ఏడుస్తూనే చెప్పింది. "ఎదలో నొప్పి అనె సారూ. ఆటో వచ్చేలోగానే నా ఒళ్లో తల వాల్చేసె."

హిందూపురం బస్సెక్కి కూర్చున్నాక ఫోను తెరిచి చూస్తే, మా బడి పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వార్త అప్పటికే తిరుగుతోంది. పొగలు కక్కే కాఫీ కప్పు బొమ్మ, దాని కింద "మన కాఫీ మిషన్ మేడం ఇక లేరు" అని ఒక వాక్యం. ఆ వాక్యం కింద జోడించిన చేతుల బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. "మేడం ఇప్పుడు దేవతలకు కాఫీ పెడుతుంటారు" అని ఒక ప్రబుద్ధుడు రాశాడు. దానికి నవ్వు బొమ్మలు కూడా పెట్టారు. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. అది ఇప్పటికీ చల్లారలేదు. బ్రతికినన్నాళ్లూ అన్యాయం ఎదురైన ప్రతిచోటా నిలబడి గొంతెత్తిన మనిషిని ఒక కప్పు బొమ్మకు కుదించి, దండం పెట్టేసి, చేతులు దులుపుకోవడమా? ఆ యంత్రం ఆమెకు ముచ్చటైన వస్తువు మాత్రమే అని లోకం అనుకుంటోంది. దాని మూలంగా ఆమె ఎవరికోసం ఎవరితో పోరాడిందో తెలిసినవాళ్లం కొద్దిమందిమి. తెలిసినవాళ్లు మౌనంగా ఉండడం మహాపరాధం కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నాగరత్నమ్మ గారిది రొళ్ల దగ్గర ఒక పల్లె. తరతరాలుగా సేద్యం చేసుకునే కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. ఆమె కోపం వచ్చినప్పుడు తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేది. పెనుకొండ బాలికల ఉన్నత పాఠశాలలో ఆమె భౌతికశాస్త్రం, నేను తెలుగు, చాలాకాలం కలిసి పనిచేశాం. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు "తీరిక దొరకల్యా" అని జవాబు. నల్లని సన్నని మనిషి, నుదుట చిన్న బొట్టు, చేతిసంచిలో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు. ఆ సంచిలో పౌడరు డబ్బా, దువ్వెన ఎన్నడూ చూసినవాళ్లు లేరు.

ఆ స్క్రూడ్రైవరు మహిమ మా బడి మొత్తానికీ ఒకసారి తెలిసింది. సైన్సు పరికరాలన్నీ ఒక అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయించారు అప్పటి ప్రధానోపాధ్యాయులు. తనిఖీకి వచ్చే అధికారులకు చూపించడానికే ఆ బీరువా. నాగరత్నమ్మ గారు తాళంచెవి అడిగితే ఆయన, "పగిలితే ఎవరు బాధ్యులమ్మా?" అన్నారు. "పగలనీండి సార్. పిల్లోల్లు ముట్టుకోకపోతే అవి ఉండీ ఏం లాభం?" అని ఆమె అన్నది. ఆయన ఇవ్వలేదు. మరుసటి పీరియడ్‌లో ఆమె బీరువా తలుపు బందులకున్న మరలు విప్పి, తాళం తాళంగానే ఉండగా, తలుపును రెండోవైపు నుంచి తెరిచింది. పాఠమయ్యాక పరికరాలు తుడిచి లోపల పెట్టి, మరలు బిగించి, నేరుగా ప్రధానోపాధ్యాయుల గదికి పోయి తాను చేసిన పని చెప్పింది. దొంగచాటు పని ఆమెకు చేతకాదు. చేసిన పనిని తానే పోయి చెప్పే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

ఆమె పదవీ విరమణ చేసిన రోజున, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న కొందరు పాత విద్యార్థినులు కలిసి ఒక ఇంటి కాఫీ యంత్రం కానుకగా తెచ్చారు. రొళ్ల వైపు మనిషికి కాఫీ అంటే ప్రాణమని వాళ్లకు తెలుసు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆమె మాత్రం పెట్టెలోంచి మొదట సూచనల పుస్తకం తీసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. బొత్తాములు ఎక్కడున్నాయో చెప్పే బొమ్మలున్నాయి తప్ప యంత్రం లోపల ఏముందో చెప్పే బొమ్మ ఒక్కటీ లేదు. "ఇంట్లో పెట్టుకోమంటారు, లోపల ఏముండాదో మాత్రం చెప్పరంట! మనమేమన్నా పసిబిడ్డలమా సారూ?" అని సన్మాన వేదిక మీదనే గొణిగింది. పక్కన కూర్చున్న నాకు మాత్రమే వినబడింది.

నెల తిరిగేలోగా ఆ యంత్రం అంతరంగం ఆమెకు కరతలామలకమైంది. ఒకనాడు హిందూపురంలో వాళ్లింటికి పోతే, వంటింట్లో చాప మీద విడిభాగాలన్నీ పరిచి కూర్చుని ఉంది. యంత్రాలంటే ఆమడ దూరం పారిపోయే నాకు ఆమె పాఠం చెప్పిన తీరు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "వెనకపక్క ఈ తొట్టిలో నీళ్లుంటాయి సారూ. ఇదిగో, గుర్రుమని అరిచేది ఈ చిన్న పంపు. నీళ్లను తోసుకుంటా పోయి ఈ ఇనప దిమ్మెలో దూరుస్తుంది. దిమ్మె లోపల కరెంటు తీగ ఉండాది, అది నీళ్లను వేడి చేస్తాది. తెర్లనీయదు, మరగనీయదు. తెర్లే ముందరే ఆపేదానికి ఈ బిళ్ళంత తర్మోస్టాటు కాపలా. ఆ వేడినీళ్లు గట్టిగా అదిమిన కాఫీ పొడిలోంచి బలంగా దూరి కిందికి దిగుతాయి. ఫిల్టర్లో మనం పొద్దంతా కాచుకొని కూచుండే పనిని ఇది బలంతో చేస్తాది. అంతే, మాయ లేదు మంత్రం లేదు." ఆ మాట అనేటప్పుడు ఆమె కళ్లలో ఒక విజయగర్వం. రహస్యం అని ఎవరైనా దాచినదాన్ని బట్టబయలు చేయడమే ఆమెకు పరమానందం.

యంత్రాన్ని ఆమె చూసుకున్న పద్ధతి ఒక నిత్యానుష్ఠానం. కాఫీ దిగిన మరుక్షణం పిప్పి తీసి పారేసి, పొడి లేకుండా ఒకమారు వట్టి నీళ్లు వదిలేది. పాలు నురగెత్తించే ఆవిరి గొట్టాన్ని వెంటనే తడిగుడ్డతో తుడిచి, ఒక్క క్షణం ఆవిరి బయటికి వదిలేది. "పాలు లోపలికి పీల్చుకొని ఎండిపోతాయి సారూ. రేపటికి పురుగు పట్టినట్ల కంపు కొడతాది" అనేది. తొట్టిలో నిన్నటి నీళ్లు ఈరోజుకు ఉంచేది కాదు. కాఫీ పొడి పెట్టే పిడిని బిగించేచోట ఉండే రబ్బరు ఉంగరం గట్టిపడి పక్కల నుంచి నీళ్లు కారితే, ఆ ఉంగరం ఒక్కటే మార్చుకోవాలి గాని యంత్రాన్ని తిట్టకూడదని అందరికీ చెప్పేది. చికోరి కలిపిన పొడి దీనికి పనికిరాదని హిందూపురం కాఫీ పొడి అంగడి వాళ్లతో రోజూ వాదన. చికోరి జిగురుగా పొడి కిందుండే జల్లెడ కన్నాలను మూసేస్తుందని వాళ్ల కౌంటరు మీదనే జల్లెడ పెట్టి చూపించి, వట్టి గింజలే కొంచెం బరకగా ఆడించుకొని వచ్చేది.

అయినా ఒక వేసవిలో యంత్రం మొండికేసింది. పంపు అరుస్తుంది, కాఫీ మాత్రం బొట్లు బొట్లుగా దిగుతుంది. కంపెనీ వాళ్లకు ఫోను చేస్తే, యంత్రాన్ని చూడకుండానే ఒక గొంతు, "మేడం, లోపల బోర్డు పోయింటుంది. పాత మోడల్. కొత్తది తీసుకోండి, ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ ఉంది" అన్నది. ఆమె మండిపడింది. "నువ్వు నా ముఖమన్నా చూడలేదు, మిషన్ ముఖమన్నా చూడలేదు. జబ్బేమో చెప్పేస్తివా?" అని ఫోను పెట్టేసింది. విప్పి చూస్తే జబ్బు మన ఊరి నీళ్లది. బోరు నీళ్లలోని సున్నం వేడికి గడ్డకట్టి, గీజరులో పేరుకున్నట్టే సన్నని గొట్టాల్లో తెల్లగా పేరుకుంది. కిరాణా అంగట్లో దొరికే నిమ్మఉప్పు నీళ్లలో కరిగించి, తొట్టిలో పోసి, సగం నడిపించి ఆపింది. కాసేపు నాననిచ్చి మిగతాది నడిపించింది. ఆ తర్వాత మంచినీళ్లతో బాగా కడిగింది. మురికి పాలలాంటి నీళ్లు బయటికి వచ్చాయి. ఆ తర్వాత దిగిన కాఫీ ధార చూసి సరోజమ్మ, "అక్కా, దీనికి ప్రాణం వచ్చె" అన్నదట. అప్పటి నుంచి తొట్టిలో శుద్ధి చేసిన ప్లాంటు నీళ్లే పోసింది. కంపెనీ మీద కోపం మాత్రం దిగలేదు. "బాగయ్యేదాన్ని చచ్చిపోయిందని చెప్పి పారేయమంటాండారు. ఇది వ్యాపారం కాదు సారూ, అన్యాయం."

ఇంతవరకూ ఇది ఒక ఇంటి కథ. దీన్ని నాలుగు మండలాల కథగా మార్చినది ధర్మవరం.

తాడిమర్రి నుంచి రమాదేవి అనే పాత విద్యార్థిని ఒకరోజు ఆమెకు ఫోను చేసింది. ఏడుపులో మాట సరిగా రావడం లేదట. రమాదేవి కూతురు భారతిని ధర్మవరంలో మగ్గం నేసే ఇంటికి ఇచ్చారు. పెళ్లి పట్టుచీరలు ఆ ఊళ్లోనే ఒక పెద్ద అంగట్లో కొన్నారు. ఆ అంగడి వాళ్లు పెళ్లి చీరలు కొన్న ప్రతి ఇంటికీ ఒక చిన్న కాఫీ యంత్రం ఉచితంగా ఇస్తున్నారు. భారతి కాఫీ చేయబోతే దాని మూత ఎగిరి, మరిగే నీళ్లు, ఆవిరి ముఖం మీద, కుడిచేతి మీద చిమ్మాయి. "కాలింది ఒక బాధ మేడమ్. తప్పు నా బిడ్డదేనని అందరూ అంటాండారు, అది ఇంకో బాధ. ఒక్కసారి వచ్చి చూస్తారా?" అని రమాదేవి అడిగింది. నాగరత్నమ్మ గారు నాకు ఫోను చేసి, "సారూ, బయలుదేరండి. సాక్షి కావాల" అన్నది.

ధర్మవరంలో వాళ్లిల్లు ఒక సందు చివర. ముందు గదిలో మగ్గం, వెనక వంటిల్లు. భారతి గోడకానుకొని కూర్చుని ఉంది. ఎడమ చెంప మీద చర్మం ఊడి ఎర్రగా ఉంది. కుడిచేయి కట్టులో ఉంది. అప్పుడప్పుడే కాపురానికి వచ్చిన పిల్ల, తల ఎత్తడం లేదు. అత్త ఓబుళమ్మ మగ్గం మీద నుంచి దిగకుండానే, "ఇంట్లో ఇత్తడి ఫిల్టర్ ఉండాది మేడమ్. ఫోన్లో చూసి ఏదేదో చేయబోయె. వాడేది తెలీనిదానికి వాడేదెందుకు?" అన్నది. క్రూరురాలేం కాదు, భయపడిన మనిషి. ఊరంతా కోడలిని ఏమంటుందోనన్న భయం కసురుగా మారింది.

"ఆ మిషన్ యాడుండాది?" అని నాగరత్నమ్మ గారు అడిగింది. పెరట్లో పారేసి ఉంది. తెచ్చి మగ్గం గది నేల మీద పెట్టించుకొని, సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసింది. ఇది ఆమె ఇంట్లో ఉన్నటువంటిది కాదు. దీనికి పంపు లేదు. పైన ఒక చిన్న బాయిలరు, దానికి చేత్తో బిగించే మూత. నీళ్లు మరిగి ఆవిరి ఒత్తిడి పుట్టి, ఆ ఒత్తిడే నీళ్లను కాఫీ పొడిలోంచి కిందికి తోస్తుంది. అంటే వంటింటి కుక్కరు వంటిదే. ఒత్తిడి మితిమీరితే బయటికి పోవడానికి మూతలో ఒక సేఫ్టీ వాల్వు ఉండి తీరాలి.

ఆమె భారతి వైపు తిరిగి మెల్లగా అడిగింది. "ఏం జరిగెనో చెప్పు పాపా. తప్పో ఒప్పో నేను చూసుకుంటా."

"కాఫీ దిగల్యా మేడమ్" అన్నది భారతి. "చానాసేపు చూస్తిని. చప్పుడు ల్యా, బొట్టు ల్యా. నీళ్లు పోయడం మరిస్తినేమో అనుకొని స్విచ్ ఆపి మూత తిప్పితిని. అంతే."

జల్లెడలో చూస్తే చికోరి పొడి మైనంలా గట్టిపడి ఉంది. దిగే దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరిగింది. నాగరత్నమ్మ గారు మూతను చేతిలోకి తీసుకొని వెలుతురుకు పట్టి చూసింది. ముఖం మారిపోయింది. "ఓబుళమ్మా, ఒక సూది ఇయ్యి" అన్నది. మగ్గాల ఇంట సూదులకేం కొదవ. ముందు ఇంట్లోని కుక్కరు మూత తెప్పించి, దాని ఆవిరి కన్నంలో సూది గుచ్చింది. అవతలికి వచ్చింది. తర్వాత కాఫీ యంత్రం మూతలో వాల్వు మీదున్న మెరిసే టోపీని విప్పి, అదే సూదిని గుచ్చింది. దిగలేదు. ఓబుళమ్మకే సూది ఇచ్చి, "నువ్వే చూడమ్మా" అన్నది. ఓబుళమ్మ మగ్గం దిగి వచ్చి ప్రయత్నించింది. వేలు నొప్పి పుట్టేదాకా ప్రయత్నించింది. అక్కడ కన్నమే లేదు. పైకి వాల్వులా కనబడేలా ఒక టోపీ అతికించి, కింద రంధ్రమే వేయని వట్టి బొమ్మ అది!

"నిజమైన వాల్వు ఉండింటే ముందుగానే బుస్సుమని చప్పుడు చేసి ఈ పాపకు హెచ్చరిక చేసుండేది" అని ఆమె అన్నది. "ఒత్తిడి దిగకముందు మూత తీయొద్దని తెలుగులో ఒక ముక్క రాసిన కాగితం కూడా పెట్టల్యా. తప్పు ఎవురిదే ఓబుళమ్మా?"

ఓబుళమ్మ లేచింది. పక్కిళ్లకు పోయి, అదే అంగట్లో పెళ్లి చీరలు కొన్నవాళ్ల యంత్రాల మూతలు అడిగి తెచ్చింది. ఒక్కొక్కదానిలోనూ సూది గుచ్చి చూసింది. ఒక్కదానికీ కన్నం లేదు. చివరికి కోడలి ముందు కూర్చుని, కట్టులేని చేతిని పట్టుకొని, "నిన్ను అంటిని పాపా. నాదే తప్పు" అన్నది. భారతి అప్పుడు ఏడ్చింది. అంతవరకూ ఆ పిల్ల ఏడవలేదని రమాదేవి తర్వాత నాతో చెప్పింది.

అక్కడి నుంచి నేరుగా అంగడికి పోయాం. మూతలన్నీ ఒడిలో వేసుకొని ఓబుళమ్మే ముందు నడిచింది. చల్లని గాజు గది, తెల్లని పరుపులు, యజమాని నవ్వు ముఖం. విషయం విని ఆయన నవ్వు చెదరనివ్వకుండానే, "ఏమమ్మా, ఉత్తగా ఇచ్చినదానికి కూడా ఇంత రచ్చనా?" అన్నాడు.

"ఉత్తగా ఇస్తే చెయ్యి కాలదా అప్పా?" అన్నది నాగరత్నమ్మ గారు.

"మేము తయారు చేసేది కాదు కదమ్మా. యాడ్నుంచో హోల్‌సేల్‌లో వచ్చె, మేము ఇస్తిమి."

"యాడ్నుంచి వచ్చిందో నీకే తెలీదు. తెలీనిదాన్ని ఆడబిడ్డ పెండ్లి చీరతో పాటు కట్టి ఎట్ల ఇస్తివి? నీ చీరలో ఒక పోగు తేడా ఉంటే నేసేవాణ్ణి గుమ్మం ఎక్కనిస్తావా? మొఖం కాల్చేదాన్ని మాత్రం చూడకుండా ఇచ్చేస్తివా?"

ఆయన చల్లని మజ్జిగ తెప్పించాడు. ఆమె ముట్టలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. "ఇచ్చినవన్నీ వెనక్కి తీసుకో. ఇట్ల జరిగిందని అంగడి ముందర బోర్డు పెట్టు" అన్నది. "బోర్డు పెడితే నా పేరు ఏమైతాది?" అని ఆయన ఆశ్చర్యపోయాడు. పేరు! ఒక పిల్ల చెంప మీద మచ్చ జీవితాంతం ఉంటుంది, ఆయన బెంగ మాత్రం బోర్డు గురించి.

తర్వాత పెనుకొండలో ఒక అధికారి దగ్గరికి పోయాం. ఆయన పేరు, ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. ఆయన మూతను చేత్తో కూడా తాకలేదు. ఉచిత వస్తువు కనుక రసీదు లేదు, రసీదు లేదు కనుక ఫిర్యాదు లేదు అన్నాడు. చివర ఆయన అడిగిన ప్రశ్న వింటే నాకు ఇప్పటికీ రక్తం మరుగుతుంది. "ఎవరైనా చనిపోయినారా అమ్మా?" నాగరత్నమ్మ గారు లేచి నిలబడింది. "చస్తేనే తీసుకుంటారా సార్? అయితే చెప్పండి, ఎంతమంది చావాల?" గది బయట బంట్రోతులు కూడా తలలు వంచుకున్నారు. మళ్లీ మళ్లీ పోయింది ఆమె. ఒకసారి ఆయన సమావేశంలో ఉన్నాడు, ఒకసారి క్యాంపులో ఉన్నాడు, ఒకసారి లోపలే ఉండి లేనని చెప్పించాడు.

అప్పుడు ఆమె వేరే దారి పట్టింది. అంగడి మూసేయించలేదు, ధర్నా చేయలేదు. సంచిలో ఒక కన్నం లేని మూత, ఒక సూది వేసుకొని ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది. ధర్మవరానికి పెళ్లి చీరలకు పోని ఊరు ఈ ప్రాంతంలో ఏది? తాడిమర్రి, రొళ్ల, నంబులపూలకుంట, ఎక్కడ పొదుపు సంఘం ఆడవాళ్లు కూడుకుంటే అక్కడికి బస్సెక్కి పోయేది. నేను కొన్నింటికి తోడు పోయాను. ఆమె ఉపన్యసించేది కాదు. సూది వాళ్ల చేతికిచ్చేది. "మీరే గుచ్చి చూడండి" అనేది. ఆ యంత్రం ఇంట్లో ఉంటే ఎందుకు వాడకూడదో, మంచి యంత్రమైతే ఎట్లా వాడాలో చెప్పేది. ఆవిరి మర తిప్పి, ఒత్తిడి అంతా పోయి, మూత చల్లబడ్డాకే చెయ్యి వేయాలని వాళ్ల నోటితోనే పదే పదే చెప్పించేది, చిన్నపిల్లల చేత ఎక్కం అప్పజెప్పించుకున్నట్టు.

నంబులపూలకుంట దగ్గర ఒక పల్లెలో గొర్రెలు కాచుకునే కుటుంబం. వాళ్లింట కాఫీ పొడి ఎన్నడూ ఉండదు. చంటిబిడ్డ దగ్గుకు తులసాకు, వాము వేసి ఆ యంత్రంలో కషాయం కాస్తున్నారు! ఆకు జల్లెడకు అడ్డం పడితే ఏమవుతుందో తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ తల్లి యంత్రాన్ని వదులుకోనంది. "మా ఇంట్లో ఇంత తళతళలాడేది ఇదొక్కటే మేడమ్" అన్నది. నాగరత్నమ్మ గారు వాదించలేదు. మరుసటి వారం హిందూపురం నుంచి తన ఇంట్లోని కొత్త స్టీలు గిన్నెల సెట్టు మోసుకొని పోయి, తళతళలాడేలా తోమి ఆ గూట్లో తానే సర్ది, యంత్రాన్ని తీసుకొని వచ్చింది. బస్సులో నాతో, "ఆ తల్లి మీద కోపం రాలా సారూ. ఆ ఇంటికి ఆశ చూపించి అపాయం చేతికిచ్చినోళ్ల మీదనే వస్తాండాది" అన్నది.

ఆడవాళ్లు మూతలు తీసుకొని ధర్మవరం అంగడికి ఒక్కొక్కరే పోవడం మొదలయ్యాక, యజమాని దిగివచ్చాడు. దిగివచ్చాడని అనడం కూడా తప్పే. బోర్డు పెట్టలేదు, క్షమాపణ చెప్పలేదు. ఇంట్లో ఉన్నవి తెచ్చినవాళ్లకు బదులుగా చేతిసంచులు, గోడ గడియారాలు ఇచ్చాడు. మిగిలిన యంత్రాలను లారీకెత్తించి పంపేశాడు. ఎక్కడికని అడిగితే "వచ్చినకాడికే" అన్నాడు. మేమంతా గెలిచామని సంతోషించాం. నాగరత్నమ్మ గారు సంతోషించలేదు. "ఈడ ఆపిరి. ఇంగొక ఊర్లో ఇంగొక పెండ్లికూతురికి ఇస్తారు. ఆ లారీ యాడికి పోయిందో నాకు తెలియాల సారూ" అని చాలా రోజులు రగిలిపోయింది. ఆ ఊరేదో ఆమె కనుక్కోలేకపోయింది. ఆమెకు ఆయువు చాలలేదు.

మొన్న హిందూపురంలో విశ్రాంత ఉపాధ్యాయుల భవనంలో ఆమె సంతాప సభ జరిగింది. కుర్చీలు చాలక జనం వరండాలో నిలబడ్డారు. పెనుకొండ నుంచి, రొళ్ల నుంచి, తాడిమర్రి నుంచి ఆడవాళ్లు వచ్చారు. ఓబుళమ్మ, భారతి ముందు వరుసలో ఉన్నారు. అనుకోని అతిథిగా ఆ ధర్మవరం అంగడి యజమాని కూడా వచ్చాడు. నిలువెత్తు మాల తెచ్చి, పటానికి పట్టు శాలువా కప్పి, ఎవరూ పిలవకముందే మైకు అందుకున్నాడు. "నాగరత్నమ్మ మేడంగారు మా సంస్థకు శ్రేయోభిలాషి. మా కస్టమర్ల క్షేమం కోసం ఎన్నో అమూల్యమైన సలహాలు ఇచ్చినారు. ఆమె సలహా మేరకే మేము..."

భారతి లేచింది. చెంప మీద మచ్చ ఇప్పుడు లేత గోధుమ రంగుకు తిరిగింది. పమిట కొంగుతో దాన్ని కప్పుకోలేదు.

"సలహా కాదు సార్" అన్నది. గొంతు పెద్దదేమీ కాదు, కానీ వరండా దాకా వినబడింది. "ఆయమ్మ మీకు సలహా ఇయ్యలా. మీతో కొట్లాడింది. నాకోసం కొట్లాడింది. చెప్తే అట్లే చెప్పండి. లేకపోతే దిగండి."

ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. ఓబుళమ్మ కోడలి పక్కన లేచి నిలబడింది. ఆ వెనక రమాదేవి. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు వరండాలోని వాళ్లు కూడా లోపలికి వచ్చి నిలబడ్డారు. ఎవరూ కేకలు వేయలేదు. ఆయన మైకు పెట్టి దిగి, చెప్పుల కోసం వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. సరోజమ్మ వచ్చి పటం మీది పట్టు శాలువా తీసి మడిచి, ఆయన కూర్చున్న కుర్చీలో పెట్టేసింది. మళ్లీ ఆమె అక్క నల్లని సన్నని ముఖం, ఆ చిన్న బొట్టు అందరికీ కనబడ్డాయి.

నాగరత్నమ్మ గారూ, మీరు మాకు శాంతమూర్తి కారు. "ఆత్మకు శాంతి" అని సభలో అందరూ అంటుంటే నా నోట ఆ మాట రాలేదు. మీకు శాంతి ఇష్టం ఉండేది కాదు, అన్యాయం మిగిలి ఉన్నంతవరకూ. ఇతరుల చెయ్యి కాలితే తన చెయ్యి కాలినట్టు మండిపడే మనుషులు ఈ సీమలో ఎంతమంది మిగిలారని లెక్క చూసుకుంటే గుండె చెరువవుతుంది. మీ పాఠాలు చెప్పడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. యంత్రాలు విప్పడానికీ ఎవరో ఒకరు వస్తారు. మా అందరి బదులు లేచి నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా అడిగే ఆ గొంతు మాత్రం మట్టిలో కలిసింది. ఏ పిల్ల చెంప మీద ఏ అన్యాయం చిమ్మినా, ఇక మీదట ఎవరికి ఫోను చేయాలో రమాదేవి లాంటి తల్లులకు తెలియదు. నాకూ తెలియదు.